సమస్యల రిజిస్టరు నుంచి ఎక్సెల్ పట్టికలోకి

(అమరాపురంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో, రెవెన్యూ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అరగంట ఇచ్చారు. విషయం కూడా వారే ఇచ్చారు. మన సంఘంలో సభ్యుల సమస్యలను కంప్యూటరులో నమోదు చేసుకుంటున్నాం కదా, వాటిని ఎక్సెల్ పట్టికగా బయటికి తీసి కార్యాలయాలకు పంపడం ఎలాగో మిగతా శాఖలవారికి కూడా చెప్పమన్నారు. ఇందులో చెప్పడానికేముంది, ఒక మీట నొక్కితే వస్తుంది కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నాకూ అలాగే ఉండేది. ఆ మీట నొక్కి, వచ్చిన కాగితాన్ని సరిగా చదవకుండా చేతబట్టుకుని పుట్టపర్తి దాకా పోయి, తల దించుకుని తిరిగి వచ్చినవాణ్ణి నేనే కాబట్టి నన్నే మాట్లాడమనడం న్యాయంగానే ఉంది.

కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను, క్షమించాలి. 1980లో మడకశిర తాలూకా కచేరీలో గుమాస్తాగా చేరాను. అప్పటికి మండలాలు లేవు. అవి 1985లో వచ్చాయి. ఈ అమరాపురం నుంచి, హేమావతి నుంచి ఎవరైనా అర్జీ పెట్టుకోవాలంటే మడకశిర రావలసిందే. చేరిన మొదటి వారంలో మా హెడ్ గుమాస్తాగారు నాకు నేర్పింది ఒకటే పాఠం. తపాలులో వచ్చిన కాగితానికి ముందు నంబరు పడాలి, ఆ తరువాతే దాన్ని చదవాలి. ఆ నంబరు డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో ఎక్కుతుంది. అక్కడి నుంచి ఎవరి సీటుకు సంబంధించినదైతే వారి పర్సనల్ రిజిస్టరులోకి, అంటే మనం పి.ఆర్. అని పిలుచుకున్న పుస్తకంలోకి వెళుతుంది. ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, విషయమేమిటి, ఎవరికి రాశాం, జ్ఞాపిక ఎప్పుడు పంపాం, జవాబు ఎప్పుడు వచ్చింది, చివరికి ఏమైంది. అన్నీ ఒకే అడ్డవరుసలో ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మనకు సంక్రమించిన టాటెన్‌హామ్ పద్ధతి అది.

ఇక్కడ కూర్చున్నవారిలో ఆ పుస్తకాలు రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచవలసినది, డి.డిస్. అంటే పదేళ్లు, ఎల్.డిస్. అంటే కొద్దికాలం అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. చాలాకాలం పాటు ఏ చర్యా అవసరం లేని కాగితం కాల్‌బుక్‌లోకి పోయేది. అయితే నేను గుర్తు చేయదలచుకున్నది ఈ పేర్లను కాదు. పి.ఆర్.లో ఒక నంబరును మూసివేయాలంటే గుమాస్తా ఒక్కడి ఇష్టం చాలేది కాదు. సూపరింటెండెంటుగారు పుస్తకం తనిఖీ చేసినప్పుడు, "ఇది దేని మీద మూశావు? చివరి ఉత్తరం చూపించు" అని అడిగేవారు. చూపించలేకపోతే ఎర్ర సిరాతో ఒక గీత పడేది, ఆ నంబరు మళ్లీ లేచి కూర్చునేది. ఆ ఎర్ర సిరా మీద అప్పట్లో నాకున్న కోపం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు కంప్యూటరు సంగతికి వస్తాను. మా అమ్మాయి బెంగళూరులో సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేస్తుంది. మన సరిహద్దు పల్లెల్లో బెంగళూరుకు పిల్లలను పంపని ఇల్లు తక్కువ కాబట్టి ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు. నేను సంఘం తరఫున సభ్యుల బకాయిలు, పేర్ల సవరణలు, హెల్త్ కార్డుల గొడవలు నోటుపుస్తకంలో రాసుకోవడం చూసి, "నాన్నా, మా ఆఫీసులో ఇటువంటివాటికి ఇష్యూ ట్రాకర్ అని ఒకటుంటుంది, పెట్టిస్తాను" అన్నది. ప్రోగ్రాములో తప్పు కనబడితే ఎవరో ఒకరు దాన్ని నమోదు చేస్తారట. దానికి నంబరు పడుతుంది. ఎవరు సరిచేయాలో వారి పేరు మీదికి పోతుంది. సరిచేసిన తరువాత మూసివేస్తారు. మధ్యలో ఎవరేమన్నారో తేదీలతో సహా దాని కిందే ఉంటుంది. అంతా విని, "ఇది మా పి.ఆర్. రిజిస్టరే కదమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది.

ఇటువంటివి లోకంలో చాలా ఉన్నాయి. మొజిల్లా వారి బగ్‌జిల్లా 1998లో వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన అట్లాసియన్ కంపెనీ వారి జీరా 2002లో వచ్చింది. 2006లో మొదలైన రెడ్‌మైన్ అనేది ఉచితం. మనకు అదే పెట్టించింది. రెండు మూడు నెలల్లో మన నోటుపుస్తకంలోని పద్దులన్నీ అందులోకి ఎక్కించాను. ఒక్కొక్క సభ్యుని సమస్యకు ఒక్కొక్క నంబరు. చూసుకుంటే నాకే ముచ్చటగా ఉండేది.

మరి ఎక్సెల్ ఎందుకు అంటారా? మన దగ్గర ఏ పద్ధతి ఉన్నా, అవతలి కార్యాలయం అడిగేది పట్టికే. "లిస్టు ఎక్సెల్‌లో పెట్టి పంపండి సార్" అంటారు. దాన్ని తప్పుపట్టలేం. మనమూ ఉద్యోగంలో ఉన్నప్పుడు కింది కార్యాలయాలను స్టేట్‌మెంట్లు అడిగినవాళ్లమే. గళ్ల కాగితం మీద లెక్క వేసుకోవడం ఉద్యోగి రక్తంలో ఉంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు విసికాల్క్ అనే ప్రోగ్రాము చేసి ఆ గళ్ల కాగితాన్నే కంప్యూటరు తెర మీదికి తెచ్చారు. 1985లో వచ్చిన ఎక్సెల్ ఇవాళ అన్ని కార్యాలయాల్లోనూ ఉంది. పెద్ద రిజిస్టరులోంచి కావలసిన వరుసలు, కావలసిన కాలములు తీసి ఇటువంటి పట్టికలోకి దింపుకోవడాన్నే ఎక్స్‌పోర్టు అంటారు. మన భాషలో చెప్పాలంటే ఎక్‌స్ట్రాక్టు తీయడం. ఎక్‌స్ట్రాక్టు మీద "అసలుతో సరిచూడబడినది" అని సంతకం పెట్టే అలవాటు మనకుండేది కదా. కంప్యూటరు రాగానే ఆ సంతకం మరిచిపోయాం. నేనైతే మరిచిపోయాను.

2023లో పెన్షనర్ల సమస్యలు వినే సమావేశం ఒకటి పుట్టపర్తిలో ఉందని కబురు వచ్చింది. పరిష్కారం కాని సమస్యల జాబితా తెమ్మన్నారు. నేను ముందురోజు రాత్రి రెడ్‌మైన్ తెరిచి, జాబితా కిందనున్న సి.ఎస్.వి. అనే మాట మీద నొక్కాను. ఫైలు దిగింది. దాని మీద రెండుసార్లు నొక్కితే ఎక్సెల్‌లో తెరుచుకుంది. తెలుగులో రాసిన విషయమంతా పిచ్చి గీతలుగా కనిపించింది. అమ్మాయికి ఫోను చేశాను. తను చెప్పినట్టు చేస్తే తెలుగు వచ్చింది. తెలుగు కనబడగానే పని అయిపోయిందనుకున్నాను. ప్రింటు తీసి సంచిలో పెట్టుకున్నాను.

తెల్లవారి మాతో పాటు వచ్చినవారిలో ఒక అమ్మ ఉన్నారు. ఆమె భర్త బడిలో అటెండరుగా చేసి రిటైరై కాలం చేశారు. కుటుంబ పెన్షను రావడం లేదు. పి.పి.ఓ.లో ఆమె పేరు ఒక రకంగా ఉంది, ఆధార్‌లో మరో రకంగా ఉంది. మన ప్రాంతంలో ఇది మామూలే. ఇంట్లో కన్నడంలో పిలిచే పేరు ఒకటి, బడిలో తెలుగులో రాసిన పేరు ఒకటి, పెళ్లయిన తరువాత అత్తవారు చేర్చిన మాట మరొకటి. ఆమె సమస్యను నోటుపుస్తకంలో మొదటి పేజీల్లోనే రాసుకున్నాను. మడకశిర, పెనుకొండ మీదుగా బస్సులు మారి పుట్టపర్తి చేరాం. అధికారి మన జాబితా తీసుకుని ఒక్కొక్క పేరూ చదివారు. అన్నీ అయిపోయాయి. ఆమె లేచి నిలబడి, "నా పేరు చదవల్యా సార్" అన్నారు. ఆయన పైనుంచి కింది వరకు మళ్లీ చూసి, "అమ్మా, ఈ లిస్టులో మీ పేరు లేదు" అన్నారు. ఆమె నా వైపు తిరిగి, "ఏం సార్, మీరు రాసుకుంటిరి గదా" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిరుగు ప్రయాణంలో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనుక పోయి కూర్చున్నారు.

ఇంటికి వచ్చి కంప్యూటరు తెరిచి చూశాను. ఆమె పద్దు ఉంది. ఎక్కడికీ పోలేదు. కానీ దాని స్థితి దగ్గర "మూసివేయబడింది" అని ఉంది. మూసింది నేనే. నాలుగు నెలల ముందు ఆమె దరఖాస్తుకు ఒక జవాబు వచ్చింది. పేరులో తేడా గురించి తహశీల్దారు ధ్రువపత్రం జతచేసి తిరిగి పంపవలెనని దాని సారాంశం. జవాబు వచ్చింది కదా అని నేను ఆ పద్దును మూసేశాను. ఆమెకు కబురు పంపాలనుకుని, అదీ మరిచిపోయాను. రెడ్‌మైన్‌లో జాబితా తెరిస్తే అది తనంతట తాను తెరిచి ఉన్నవాటినే చూపిస్తుంది. ఎక్స్‌పోర్టు అనేది తెరమీద ఏ జాబితా ఉందో దానినే ఇస్తుంది. మూసినవి తెరమీద లేవు కాబట్టి ఫైలులోకి రాలేదు. కంప్యూటరు తప్పేమీ లేదు. అడిగినదే ఇచ్చింది. ఏమి అడుగుతున్నానో నాకు తెలియలేదు.

ఇలా మూసివేయడం మనకు కొత్త కాదు. 2019లో వచ్చిన స్పందనలోనైనా, 2024 నుంచి సోమవారం సోమవారం జరుగుతున్న ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనైనా, అర్జీ పెట్టుకున్నవారికి ఫోనులో సందేశం వస్తుంది. మీ అర్జీ పరిష్కరించబడినది అని. పని జరగలేదే అని అర్జీదారు, జవాబు ఇచ్చాం కదా అని కార్యాలయం. ఆ రెండు మాటల మధ్య దూరం గురించి మనం ఇదే వేదిక మీద ఎన్నోసార్లు ఆవేశంగా మాట్లాడాం. నేనూ మాట్లాడాను. అదే పని నేను నా సంఘం పద్దులో చేశానని తెలిసిన రాత్రి నాకు మా పాత సూపరింటెండెంటుగారి ఎర్ర సిరా జ్ఞాపకం వచ్చింది.

ఆ తరువాత పట్టికను మొదటి నుంచి చివరి దాకా అసలుతో పెట్టి సరిచూశాను. ఒక ఆదివారమంతా పట్టింది. చూసినకొద్దీ ఇంకా తప్పులు బయటపడ్డాయి. వాటి గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇవి మీ అందరికీ ఎదురవుతాయి.

సి.ఎస్.వి. అంటే ఏమీ లేదు. వట్టి అక్షరాల ఫైలు. ఒక్కొక్క వరుస ఒక్కొక్క పద్దు. గడికి గడికి మధ్య ఒక కామా. అంతే. ఇది చాలా పాత పద్ధతి. దీనికి ఒక నియమావళి అంటూ 2005లో గాని రాసుకోలేదు. ఇందులో ఇది సంఖ్య, ఇది తేదీ, ఇది పేరు అని ఎక్కడా రాసి ఉండదు. ఎక్సెల్ దాన్ని తెరిచినప్పుడు తానే ఊహించుకుంటుంది. ఆ ఊహే మన కొంప ముంచుతుంది.

మన ఇళ్ల డోరు నంబర్లు ఎలా ఉంటాయి? 2-14 అనో, 3-5 అనో ఉంటాయి. ఎక్సెల్‌కు మన డోరు నంబర్లు తెలియవు. 3-5 కనబడగానే అది తేదీ అనుకుంటుంది. కంప్యూటరులో మన దేశపు అమరిక ఉంటే మే 3 అవుతుంది, అమెరికా అమరిక ఉంటే మార్చి 5 అవుతుంది. మనవాళ్లలో ఒకాయన చిరునామా గడిలో మే నెల కనిపించింది. సర్వే నంబర్ల గతీ ఇంతే. 11-2 అని సబ్ డివిజను రాస్తే అదీ ఒక తేదీ అయిపోతుంది. మనకే ఈ అవమానం అనుకోకండి. మనిషి జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ సంఘం వారు కూడా దీనికి లొంగిపోయారు. మార్చ్1, సెప్ట్1 వంటి పేర్లున్న జన్యువులను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంటే, 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చుకున్నారు. పేరు మార్చుకునే సౌకర్యం వాళ్లకుంది. మన డోరు నంబరు మనం మార్చుకోలేం.

పుట్టినతేదీల సంగతి ఇంకా ప్రమాదం. మన రాష్ట్రంలో 70 ఏళ్లు నిండితే అదనపు పెన్షను ఉంది కదా, అది పుట్టినతేదీ మీదే ఆధారపడి ఉంటుంది. జూలై 5వ తేదీ 1953 అని మనం 05/07/1953గా రాస్తాం. అమెరికా అమరిక ఉన్న కంప్యూటరు దాన్ని మే 7 అని చదువుతుంది, రెండు నెలలు ముందుకు జరిగింది. అదే 25/07/1953 అయితే 25వ నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా గుర్తించక అక్షరాలుగానే వదిలేస్తుంది. అంటే ఒకే కాలములో కొన్ని తేదీలు తప్పు, కొన్ని ఒప్పు, పైకి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. పట్టుకోవడానికి ఒక గుర్తుంది. ఎక్సెల్ తేదీ అనుకున్నది గడిలో కుడివైపుకు ఒదిగి ఉంటుంది, అక్షరాలు అనుకున్నది ఎడమవైపు ఉంటుంది. ఒకే కాలములో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు కనబడితే అనుమానించండి. సంవత్సరం రెండంకెల్లో రాశారా, ఇంకా చిత్రం. మనలో ఒక పెద్దాయన 1928లో పుట్టారు. 28 అని రాసి ఉంది. ఎక్సెల్ దాన్ని 2028గా తీసుకుంది. ఇంకా పుట్టని మనిషికి పెన్షను అడుగుతున్నాం మనం. ఆయనకు చెబితే, "అయితే ఇంకో వందేండ్లు తీసుకోవచ్చప్పా" అన్నారు.

ఇక నంబర్లు. ముందు సున్నా ఉన్న ఏ నంబరైనా సరే, సంఖ్య అనుకుంటే ఆ సున్నాకు విలువ లేదని తీసేస్తుంది. కొందరి ఖాతా నంబర్ల ముందు సున్నాలు అలా పోయాయి. ఆధార్ 12 అంకెలు. 11 దాటితే ఎక్సెల్ మామూలుగా చూపించదు. ఒక అంకె రాసి, చుక్క పెట్టి, ఇంకొన్ని అంకెలు వేసి, చివర ఇ అనే ఇంగ్లీషు అక్షరం, ప్లస్ గుర్తు, 11 అని చూపిస్తుంది. లోపల అసలు సంఖ్య ఉంటుంది గాని, ఆ ఫైలును మళ్లీ సి.ఎస్.వి.గా భద్రం చేస్తే మాత్రం కనిపించే ఆ కురచ రూపమే మిగులుతుంది. అసలు పోయినట్టే. 16 అంకెల ఖాతా నంబరైతే లోపల కూడా ఉండదు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. చివరి అంకె సున్నా కానివారి డబ్బు ఎవరి ఖాతాకు పోతుందో ఆలోచించండి. అసలు ఆధార్ నంబరు పూర్తిగా జాబితాలో పెట్టడమే తప్పు, వాట్సాప్‌లో ఎక్కడెక్కడికో పోతుంది. చివరి నాలుగంకెలు చాలు.

ఈ గొడవలన్నిటికీ మందు ఒక్కటే. ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరవకండి. ముందు ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా అనే చోటికి పోయి, అక్కడ టెక్స్ట్ లేదా సి.ఎస్.వి. నుంచి తెచ్చుకునే మార్గం ద్వారా ఫైలును లోపలికి తీసుకోండి. లిపి ఏమిటని అడిగేచోట యూనికోడ్ యు.టి.ఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు తెలుగులాగే వస్తుంది. ఆ రాత్రి అమ్మాయి నాకు ఫోనులో చెప్పింది ఇదే. నేను అక్కడితో ఆగిపోయాను. దాని పక్కనే కాలముల రకం నిర్ణయించే చోటు ఉంది. నంబర్లు, తేదీలు, చిరునామాలు అన్నిటినీ టెక్స్ట్ అని పెట్టేయాలి. మనం వాటితో కూడికలు వేయబోవడం లేదు కదా, సంఖ్యలుగా ఉండాల్సిన పని లేదు. ఎక్సెల్ కొనలేనివారు లిబ్రె ఆఫీసు వాడుకోవచ్చు, అది ఉచితం, పైగా ఫైలు తెరిచేటప్పుడే ఈ ప్రశ్నలన్నీ అడుగుతుంది. ఇన్ని ప్రశ్నలా అని విసుక్కోకుండా జవాబు చెప్పండి. తేదీలను ట్రాకరులోనే 1953-07-05 అని సంవత్సరం ముందు వచ్చేటట్టు పెట్టుకుంటే తికమక ఇంకా తగ్గుతుంది.

లెక్క సరిచూడటం మరొకటి. ఎక్స్‌పోర్టుకు ఒక హద్దు ఉంటుంది. రెడ్‌మైన్ మొదట్లో 500 పద్దుల వరకే ఇస్తుంది, నిర్వాహకుడు పెంచితే తప్ప. జీరాలో కూడా ఇటువంటి హద్దు ఉంటుంది. హద్దు దాటినవి రాకపోతే ఎవరూ ఏడవరు, గంట మోగదు. 2020లో ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. కోవిడ్ పరీక్షల ఫలితాలను ప్రయోగశాలల నుంచి తీసుకుని పాతరకం ఎక్సెల్ ఫైళ్లలోకి దింపారు. పాతరకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి రాలిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది పేర్లు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. వారితో కలిసి తిరిగినవారిని హెచ్చరించడం కూడా ఆలస్యమైంది. అంత పెద్ద దేశపు ఆరోగ్యశాఖ వారికి తెలియనిది అమరాపురంలో కూర్చున్న నాకు తెలియకపోవడంలో వింత లేదని అప్పుడప్పుడు సమాధానపడతాను. కానీ వాళ్ల పట్టికలో రాలిపోయినవాళ్లు వేలమంది, నా పట్టికలో రాలిపోయినది ఒక్కరు, ఆ ఒక్కరు నా ఎదురుగానే నిలబడి అడిగారు.

ఇంకొక మాట చెప్పాలి. పట్టికలోకి పద్దు వస్తుంది గాని దాని కథ రాదు. ట్రాకరులో ఒక్కొక్క సమస్య కింద ఎవరు ఎప్పుడు ఏం రాశారో వరుసగా ఉంటుంది. అది మన పాత నోట్ ఫైలు వంటిది. ఎక్స్‌పోర్టు చేస్తే ఒక సమస్యకు ఒక వరుసే. కోరితే చివరి నోటు ఇస్తుంది, పూర్తి చరిత్ర ఇవ్వదు. విషయం వివరంగా రాసుకున్నది కావాలన్నా పక్కన విడిగా గుర్తు పెట్టాలి. లేకపోతే శీర్షిక ఒక్కటే దిగుతుంది. "కుటుంబ పెన్షను - పేరు తేడా" అన్న నాలుగు మాటలు చూసి అధికారికి ఏం అర్థమవుతుంది? ఎన్నిసార్లు తిరిగారో, ఏ కాగితం ఇచ్చారో, ఏది వాపసు వచ్చిందో తెలియాలి కదా. అందుకని ఇప్పుడు మేము జాబితాతో పాటు, ముఖ్యమైన కేసులకు ఒక్కొక్కదానికీ విడిగా ట్రాకరు పేజీ మొత్తం ప్రింటు తీసి వెనుక జతచేస్తున్నాం. కాగితం ఎక్కువ అవుతుందని కోశాధికారిగారు గొణుగుతున్నారు. వారికి ఈ సభాముఖంగా క్షమాపణ చెబుతున్నాను, కాగితం మాత్రం తగ్గించను.

మరి మూసివేత సంగతి ఏం చేశామంటారా? ట్రాకరులో కొత్తగా ఒక స్థితి చేర్చాం. "వాపసు వచ్చింది" అని. ఇది తెరిచి ఉన్నవాటి కిందికే లెక్క. జవాబు వచ్చినంత మాత్రాన మూయడానికి లేదు. మూయాలంటే సభ్యుడో సభ్యురాలో "నా పని అయింది" అని చెప్పాలి. డబ్బుకు సంబంధించినదైతే బ్యాంకు పాసుపుస్తకంలో పడిన పద్దు చూడాలి. అప్పుడు కూడా నేను ఒక్కణ్ణే మూయడానికి లేదు, ఇంకో కార్యవర్గ సభ్యుడు చూసి ఒప్పుకోవాలి. ఆ రెండోవారు ఎర్ర సిరా వాడుతున్నారా అని నన్ను ఎవరో ఎగతాళి చేశారు. వాడితే సంతోషిస్తాను.

జాబితా తీసేముందు స్థితి అనే వడపోత పూర్తిగా తీసేసి, మూసినవీ తెరిచినవీ అన్నీ దింపుతాం. ట్రాకరు మొత్తం ఎన్ని చూపిస్తోందో ఒక చీటీ మీద రాసుకుంటాం. పట్టికలో చివరి వరుస ఎన్నోదో చూసి, తలకట్టు వరుస ఒకటి తీసేసి, రెండూ సరిపోయాయా అని చూస్తాం. అవసరమైతే ఆ తరువాత ఎక్సెల్‌లోనే మూసినవాటిని వేరు చేసుకోవచ్చు. అలా చేస్తే కనీసం అవి ఉన్నాయని కంటికి కనబడుతుంది. ఒక్కోసారి సరిపోదు. అలాంటప్పుడు చిరునామాలో ఎవరో ఎంటర్ మీట నొక్కి రెండు పంక్తులుగా రాసి ఉంటారు, లేదా నడుమ ఒక కామా ఉండి గళ్లు పక్కకు జరిగి ఉంటాయి. వెతికితే దొరుకుతుంది.

ఆ అమ్మ గురించి చెప్పకుండా ముగిస్తే బాగుండదు. వారం తరువాత వాళ్ల ఊరు పోయాను. ఇంటి ముందు వక్కలు ఎండబోసి ఉన్నాయి. జరిగినది జరిగినట్టు చెప్పి, తప్పు నాది అన్నాను. ఆమె చాలాసేపు వక్కలు తిరగేస్తూ ఉండిపోయారు. తరువాత, "మూసినారంట గదా, తెరిస్తే తెరుచుకుంటాదా?" అని అడిగారు. తెరుచుకుంటుందన్నాను. ఇద్దరు పేర్లూ ఒకే మనిషివని ధ్రువపత్రం కోసం తహశీల్దారు కార్యాలయానికి నేనే వెంట వెళ్లాను. నేను పనిచేసిన శాఖే కాబట్టి వరుసలో నిలబడటానికి నామోషీ పడలేదు. పత్రం వచ్చింది. దరఖాస్తు మళ్లీ వెళ్లింది. మధ్యలో ఇంకొక సందేహం రాశారు, ఆమె పుట్టినతేదీ గురించి. దానికీ జవాబు పంపాం. ఆమె పద్దు ఈ రోజుకీ తెరిచే ఉంది. ప్రతి జాబితాలోనూ ఆమె వరుస మొదటిసారి నేనే చూస్తున్నాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక మనవితో కూర్చుంటాను. వచ్చే సమావేశానికి పంపవలసిన జాబితా నిన్న రాత్రి దింపాను. ప్రింటు తీసి, అదిగో ఆ కిటికీ పక్కన బల్లమీద పెట్టాను. కన్నడం చదివేవారి కోసం మన మిత్రుడొకరు పక్కనే ఉండి చదివి వినిపిస్తారు. భోజనాలకు పోయేముందు ప్రతి ఒక్కరూ మీ వరుస దగ్గర వేలు పెట్టి చూసుకోండి. పేరు, పుట్టినతేదీ, డోరు నంబరు, పి.పి.ఓ. నంబరు సరిగా ఉన్నాయా, మీ పని కాకుండానే "మూసివేయబడింది" అని ఎక్కడైనా ఉందా చూడండి. తప్పు కనబడితే పక్కనే ఎర్ర పెన్ను పెట్టాను, గీత పెట్టండి. కళ్లజోడు మరిచి వచ్చినవారికి నాది ఇస్తాను.